గుడి ముంగిట: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే దిగులు కనిపించింది. ఊరూరా పాత గుడులు కొత్త హంగులు దిద్దుకుంటున్నాయి, గోపురాల ఎత్తు పెరుగుతున్నది, కానీ నలుగురు కలిసి కూర్చుని దేవుణ్ణి తలచుకునే వేళలు తరిగిపోతున్నాయని పరకాల నుంచి జమ్మికుంట దాకా ఎందరో రాశారు. వాటిలో ఐదింటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు పట్టింది. అది ఒక్క ఊరి సంగతి కాదు కనుక మిగిలినవారు మన్నించాలి.

ప్రశ్న: మా ఊరి రామాలయాన్ని మూడేళ్ల కిందట చందాలు వేసుకుని కొత్తగా కట్టుకున్నాము. నేలంతా పాలరాయి పరిచాము, గోపురానికి రంగులు వేయించాము. పాత గుడిలో గర్భగుడి ఎదుటి రాతి అరుగు మీద ప్రతి శనివారం రాత్రి భజన జరిగేది. కొత్త గుడిలో అది ఆరు నెలలు కూడా సాగలేదు. ఇప్పుడు రెండు పూటలా మైకులో రికార్డు పాటలు వస్తాయి, పూజారిగారు హారతి ఇచ్చి తాళం వేసుకుని వెళ్లిపోతారు. భజన మళ్లీ నిలబడాలంటే మేము ఏం చేయాలి?
— పరకాల సమీప గ్రామం నుంచి ఒక పాఠకుడు

జవాబు: పాత గుడిలో భజన ఎక్కడ కూర్చునేదో మీరు రాశారు, కొత్త గుడిలో ఎక్కడ కూర్చోవాలో రాయలేదు. ముందుగా ఆ చోటు ఉన్నదా అని చూడండి. నేను ఈ మధ్య చూసిన కొత్త గుడుల్లో ముఖమండపం నిండా స్టీలు కడ్డీల వరుసలే ఉన్నాయి. వరుసలో నిలబడి ముందుకు కదలడానికి అవి పనికొస్తాయి గానీ గుండ్రంగా కూర్చోవడానికి పనికిరావు. భజనకు గుండ్రంగా కూర్చునే చోటే కావాలి. పాడేవాడి నోరు వంత పాడేవారికి కనబడాలి, తాళం వేసే చేయి మృదంగం వాయించేవాడికి కనబడాలి, కొత్తగా వచ్చి చేరిన పిల్లవాడు అందరి మొహాలూ చూడగలగాలి. శ్రీరామనవమి వంటి నాలుగు రోజుల్లో తప్ప మీ ఊరి గుడికి ఆ కడ్డీలతో అవసరం ఉండదు కనుక, విప్పి పక్కన పెట్టుకునే వీలుండేలా వాటిని మార్పించండి. పాలరాయి మాఘమాసపు రాత్రి ఎముకలు కొరికేంత చల్లగా ఉంటుంది, యాభై దాటినవారు దాని మీద గంటసేపు కూర్చోలేరు. వరంగల్ కొత్తవాడ నేతగాళ్ల దగ్గర పెద్ద జంపఖానా ఒకటి తెచ్చి పరవండి. ఇది చిన్న విషయంగా తోచవచ్చు, కానీ కాళ్లు నొప్పిపెట్టి ఒక్కొక్కరే రావడం మానుకున్న భజనలను నేను చూశాను.

పూజారిగారి మీద మాత్రం నింద వేయకండి. ఆదాయం లేని చిన్న గుడులకు తెలంగాణ ప్రభుత్వం ధూపదీప నైవేద్య పథకం కింద ఇచ్చే సొమ్మును 2023లో నెలకు 6,000 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచింది. పూజాసామగ్రి, అర్చకుడి భృతి రెండూ అందులోనే. ఆ రాబడితో ఇల్లు గడవక రెండు మూడు ఊళ్ల గుడులు చూసుకునే అర్చకులు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. హారతి ఇచ్చి మరో ఊరికి పరుగెత్తవలసిన మనిషిని రాత్రి పది దాకా ఉండమనడం న్యాయం కాదు. భజన ఎప్పుడూ ఊరి బాధ్యతే, అర్చకుడిది కాదు. తాళంచెవి ఒకటి భజన మండలి పెద్ద దగ్గర ఉండేలా కమిటీలో మాట్లాడుకుంటే ఆ చిక్కు తీరుతుంది.

నా చిన్నతనంలో మా ఊరి మండలిలో పల్లవి ఎత్తుకునేది ఒక చాకలి పెద్దమనిషి. ఆయనకు అక్షరం ముక్క రాదు, రామదాసు కీర్తనలు మాత్రం చరణాలతో సహా నోటికి వచ్చు. మృదంగం ముందు ఒక నేతగాడు కూర్చునేవాడు, హార్మోనియం బడిపంతులుది. మా బాపుకు పాట రాదు. ఆయన పని తాళాలు చూసుకోవడం. ఇత్తడి తాళాలకు ఉండే నూలుతాడు చెమటకు నాని నాని చివికిపోయేది. శనివారం పొద్దుగూకగానే ఆయన గడప మీద కూర్చుని కొత్త తాడు పేని, కొసకు మైనం రాసి, తాళం నడుమ రంధ్రంలోంచి లాగి లోపలివైపు ముడి వేసేవాడు. ముడి పెద్దదైతే తాళం మోగదని, చిన్నదైతే జారిపోతుందని చెబుతూ ప్రతి జతనూ చెవి దగ్గర మోగించి చూసుకునేవాడు. ఆ పని ఆయనకు ఎవరూ అప్పగించలేదు. అయినా ఆ పని ఉన్నందువల్లనే జ్వరం వచ్చిన శనివారం కూడా ఆయన దుప్పటి కప్పుకుని గుడికి నడిచేవాడు, తాళాల సంచి మోస్తూ వెనక నేను నడిచేవాణ్ణి.

గుడిలో పని ఉన్న మనిషి గుడిని విడిచి ఉండలేడని నాకు అప్పుడే తెలిసింది. మీ ఊరు గుడి కట్టుకున్నప్పుడు అందరూ డబ్బిచ్చారు. కట్టడం పూర్తయ్యాక ఎవరికీ చేయవలసింది మిగల్లేదు. ఊడవడానికి జీతగాణ్ణి పెట్టారు, పాడటానికి రికార్డు పెట్టారు. భక్తి ఉన్నా దాన్ని చేతుల్లోకి తీసుకునే దారి మూసుకుపోయింది. అందుచేత శనివారం సాయంత్రం మొదట చేయవలసింది రికార్డు ఆపడం. తర్వాత నలుగురే వచ్చినా, ఇద్దరే వచ్చినా, గణపతి ప్రార్థనతో మొదలుపెట్టి రెండు పాటలు పాడి మంగళహారతితో ముగించండి. గంట దాటనివ్వకండి. మొదటి నెలల్లో ఉత్సాహంతో పన్నెండు దాకా పాడి, మూడో నెలకు అలసిపోయి మానేసిన మండళ్లు చాలా ఉన్నాయి. ప్రసాదం వంతు ఇంటింటికీ తిప్పండి. ఒకరు శనగ గుగ్గిళ్లు, మరొకరు బెల్లం కలిపిన అటుకులు తెస్తారు. గుగ్గిళ్ల గిన్నె తెచ్చిన ఇల్లాలు ఆ రాత్రి పాట అయ్యేదాకా ఉంటుంది, ఆమె పిల్లలూ ఉంటారు. పిల్లలకు పాట నేర్పడానికి తొందరపడకుండా ముందు తాళం చేతికివ్వండి. చేయి లయలో పడితే పాట దానంతట అదే వస్తుంది.

మండలి కాస్త నిలదొక్కుకున్నాక ఏడాదికి ఒకసారి ఏకాహం పెట్టుకోండి. ఒక పగలు, ఒక రాత్రి నామం తెగకుండా సాగాలి కనుక ఊరిలోని ప్రతి వాడకు ఒక వంతు వస్తుంది. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా మీ వాడ వంతు అయితే, కళ్లు మూతలు పడుతున్నా మీరు లేచి వెళతారు, ఎందుకంటే మీరు వెళ్లకపోతే నామం ఆగుతుంది. ఒక ఊరంతా ఒకే నామాన్ని చేతులు మారుస్తూ మోసే అనుభవం నాకు తెలిసినంతలో మరొకటి లేదు. దానికి గోపురం మీద లౌడ్‌స్పీకర్ అక్కర లేదు. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా వాటిని వాడకూడదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలే చెబుతున్నాయి. పైగా మైకు ఒక్క గొంతును పెంచి మిగిలిన గొంతులను కప్పేస్తుంది. వంత పాడేవాడికి తన గొంతు తనకు వినబడని చోట భజన కచేరీగా మారిపోతుంది.

ప్రశ్న: వేయిస్తంభాల గుడిని, రామప్పను ఎన్నోసార్లు చూశాను. శిల్పం చూసి చేతులు జోడించాలనిపిస్తుంది, కానీ అవి రాజులు, సేనానులు తమ పేరు కోసం కట్టినవేమో అన్న ఆలోచన వదలదు. ఆ కాలంలో మామూలు మనుషులకు ఆ గుడులతో సంబంధం ఉండేదా?
— హనుమకొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఉండేది. కట్టించినవారి పేర్లు శాసనాల్లో ముందు కనిపిస్తాయి, అది నిజమే. వేయిస్తంభాల గుడిని 1163లో కాకతీయ రుద్రదేవుడు శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ కలిపి త్రికూటంగా నిలిపాడు. పాలంపేటలో రామప్పను గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. కానీ గుడి కట్టడం ఒక్కసారి జరిగే పని, గుడి నడవడం ప్రతిరోజూ జరగవలసిన పని. తెలుగు నేల మీది ఆలయ శాసనాలు చదివితే ఆ రోజువారీ నడక ఎన్ని చేతుల మీద సాగిందో తెలుస్తుంది. అఖండదీపం కోసం గోవులను, గొర్రెలను దానం చేసిన శాసనాలు ఎన్నో కనిపిస్తాయి. దానం ఇచ్చిన మందను ఒక కాపరికి అప్పగిస్తారు. అతడు మందను మేపుకుంటూ రోజూ ఇంత నెయ్యి అని గుడికి కొలిచి ఇస్తాడు. దీపం వెలిగేది గర్భగుడిలోనే అయినా అది వెలగడానికి అడవిలో మంద మేయాలి, కాపరి భార్య వెన్న చిలకాలి. అటువంటి దానాలు ఇచ్చినవారిలో వర్తకులూ ఉన్నారు, స్త్రీలూ ఉన్నారు.

కాకతీయుల కాలపు గుడి పక్కన చెరువు ఉండటం కూడా ఊరికే జరిగింది కాదు. రామప్ప గుడికి కూతవేటు దూరంలో రామప్ప చెరువు ఉన్నది, దాని కింద ఈనాటికీ వరి పండుతున్నది. చెరువు నిండితే పొలం పండుతుంది, పొలం పండితే దేవుడికి నైవేద్యం, ఊరికి పండుగ. దేవుణ్ణి వానకోసం మొక్కిన రైతుకు, గుడికి మాన్యం రాసిచ్చిన సేనానికి నడుమ ఆ నీళ్లే బంధం.

ఇంకొక ఆధారం మన ప్రాంతానిది కాకపోయినా కాకతీయులదే కాబట్టి చెప్పాలి. రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనం ఇప్పటి గుంటూరు ప్రాంతంలో ఉన్నది. రాజగురువు విశ్వేశ్వర శంభువు అక్కడ శివాలయానికి, మఠానికి తోడుగా విద్యాశాలను, వైద్యశాలను, ప్రసూతిశాలను, అన్నసత్రాన్ని నడిపించిన తీరును ఆ శాసనం వివరంగా చెబుతుంది. ఆ సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా వచ్చినవారందరికీ అన్నం పెట్టాలని అందులో రాశారు. గుడి అంటే గర్భగుడి ఒక్కటే అని ఆనాడు ఎవరూ అనుకోలేదు.

ఇక ఈనాటి సంగతికి వస్తే, మీరు హనుమకొండలోనే ఉన్నారు కనుక భాద్రపద అమావాస్య నాటి సాయంత్రం, ఎంగిలిపూల బతుకమ్మ రోజున, వేయిస్తంభాల గుడికి వెళ్లండి. పగలు ఫొటోల కోసం నిలబడే ఆ ఆవరణలోకి వేల మంది ఆడవాళ్లు తాంబాళాలు ఎత్తుకుని వస్తారు. గునుగు పూల కట్టలకు రంగులద్ది, తంగేడు వరుస మీద వరుస పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపిన బతుకమ్మలను నేల మీద దించి, చుట్టూ తిరుగుతూ, వంగి చప్పట్లు చరుస్తూ పాడతారు. కొంచెం పక్కకు జరిగి ఒక వలయాన్నే గమనించండి. అందులో ఒక ముసలావిడ పాట అందుకుంటుంది, మిగిలినవాళ్లు 'ఉయ్యాలో' అంటూ తిరిగి అందుకుంటారు, తోవలో ఎవరో తెలియని అమ్మాయి వచ్చి నడుమ చేరుతుంది, వలయం ఆమె కోసం ఒక అడుగు వెడల్పవుతుంది. ఆ పాటకు పూజారి అవసరం లేదు, టికెట్టు లేదు. తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుట్ట కింది గుండం దగ్గర కూడా ఇదే చూస్తారు. ఎనిమిదిన్నర శతాబ్దాల కిందట రాజు కట్టించిన గుడిని ఇప్పుడు ఏటేటా తమదిగా చేసుకుంటున్నది ఈ ఆడవాళ్లే.

ఏళ్ల తరబడి విప్పి ఉంచిన వేయిస్తంభాల గుడి కల్యాణమండపం 2024 మహాశివరాత్రి నాడు తిరిగి తెరుచుకున్నది. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. రెండూ సంతోషించవలసినవే. కానీ రామప్పలో రామలింగేశ్వరుడికి ఇప్పటికీ పూజ జరుగుతున్నదన్న సంగతి తెలియకుండా చూసి వచ్చేవారు ఉంటారేమో అని నాకు బాధ. ఈసారి వెళ్లినప్పుడు శిల్పం చూశాక లోపలికి వెళ్లి ఒక్క నిమిషం కూర్చుని రండి.

ప్రశ్న: మా పుట్టిల్లు జనగామ వైపు. మా ఇంట్లో కొమురవెల్లి మల్లన్న ఇలవేల్పు. ఏటా బోనం తీసి, రంగు పొడులతో నేల మీద వేసే ముగ్గు, అదే పట్నం, వేయించేవాళ్లం. కరీంనగర్‌లో అత్తగారింట్లో మాత్రం ఒగ్గుకథ, పట్నాలు, డోలు ఇవన్నీ జానపదుల సంబరాలేనని, ఆగమం ప్రకారం జరిగేదే అసలైన పూజ అని అంటారు. మా అత్తమ్మ మంచి మనిషి, వాదించాలని లేదు. ఏమని చెప్పాలి?
— కరీంనగర్ నుంచి ఒక గృహిణి

జవాబు: మీ అత్తమ్మను వచ్చే సంక్రాంతి తర్వాత ఒక ఆదివారం కొమురవెల్లికి తీసుకువెళ్లండమ్మా. ఆమె అనుకుంటున్న ఆగమమూ మీరు పెరిగిన పట్నమూ అక్కడ ఒకే ఆవరణలో కనిపిస్తాయి. గుడి లోపల వీరశైవ సంప్రదాయంలో అర్చన జరుగుతుంది. బయట గంగరేగు చెట్టు దగ్గర ఒగ్గు పూజారులు పట్నం వేస్తారు, ఆడవాళ్లు బోనాలు దించుతారు. స్వామికి అటూ ఇటూ లింగబలిజ ఇంటి ఆడపడుచు మేడలమ్మ, గొల్ల ఇంటి ఆడపడుచు కేతమ్మ కొలువై ఉన్నారు. దేవుడే రెండు కులాల ఇళ్లకు అల్లుడైన చోట, ఒక కులం పూజ అసలైనదని, మరొకటి సంబరమని ఎలా విడదీయగలం?

పట్నం వేయడాన్ని దగ్గరగా కూర్చుని చూడమని చెప్పండి. పూజారి నేలను నీళ్లు చల్లి చదును చేసి, గుప్పిట్లో తెల్లపిండి పట్టుకుని, బొటనవేలి పక్కనుంచి సన్నని ధార వదులుతూ గీత లాగుతాడు. కొలతబద్ద ఉండదు, ముందుగా గీసుకున్న గుర్తూ ఉండదు. తెలుపు మీద పసుపు, పసుపు పక్కన కుంకుమ, ఆపై ఆకుపచ్చ పొడి, ఇలా గడులు నిండుతూ పోతుంటే ఒగ్గు అనే చిన్న డమరుకం మోగుతూనే ఉంటుంది, నోట మల్లన్న కథ నడుస్తూనే ఉంటుంది. ఆ చేయి తండ్రి దగ్గర నేర్చింది, ఆ తండ్రి తాత దగ్గర నేర్చాడు. ఏ క్రమంలో ఏ రంగు పడాలో, ఏ ఘట్టం దగ్గర ఎవరు నమస్కరించాలో అన్నింటికీ నియమం ఉన్నది. అది తాటాకుల మీద లేదు, చేతి మీద ఉన్నది, అంతే తేడా. మహాశివరాత్రి రాత్రి తోటబావి దగ్గర పెద్దపట్నం వేసినప్పుడు లోపలి అర్చకులే స్వామి ఉత్సవమూర్తిని ఆ పట్నం మీదుగా తీసుకువెళతారు. ఆ తర్వాత ఆ రంగుల పొడి చిటికెడైనా కొంగున కట్టుకోవాలని జనం ఎగబడతారు. లోపలివారు బయటివారి పట్నాన్ని తొక్కి దాటితేనే పండుగ పూర్తవుతుందంటే, ఆ రెండింటి బంధం ఏమిటో ఇంతకన్నా వివరించనక్కర లేదు.

ఒగ్గుకథను ఊరికే వినోదంగా చూసేవారికి ఇంకొక మాట. అక్షరం చదవలేని తరాలకు పురాణం చెవిన పడింది ఎక్కువగా ఇటువంటి కథకుల నోటినుంచే. పోతన పుట్టిన బమ్మెర, పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి ఉన్న జనగామ నేలే చుక్క సత్తయ్య వంటి ఒగ్గు కథకుణ్ణి కూడా కన్నది. ఆయనను కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం వరించింది. ఒకవైపు గుడి మండపంలో ఒకరు భాగవత పద్యం చదివి మరొకరు తాత్పర్యం చెబుతుంటే, మరోవైపు ఊరి నడుమ డోలు దరువు మీద మల్లన్న పెళ్లి సాగేది. మా చిన్నప్పుడు ఒకే ఇంటివాళ్లం రెండింటికీ వెళ్లాము. కథలో మల్లన్న పెళ్లి ఘట్టం వచ్చినప్పుడు తలంబ్రాలు పోసేది వింటున్న జనమే, ఒడిబియ్యం తెచ్చేది ఆ ఊరి ఆడవాళ్లే. వినేవారు పెళ్లివారైపోయే కథ అది.

కొమురవెల్లి దూరమైతే ఐనవోలు ఉన్నది. కాకతీయుల నాటి ఆ మల్లికార్జునస్వామి గుడిలో రాతి స్తంభాలు, తోరణాలు చూసి మీ అత్తమ్మ తృప్తిపడతారు. భోగి నాడు మొదలయ్యే జాతరలో, ఆ స్తంభాల నీడలోనే, బండారి అనే పసుపు చల్లుకుంటూ శివసత్తులనే భక్తురాళ్లు ఆడతారు. భీమదేవరపల్లి వైపు కొత్తకొండ వీరభద్రుడికి సంక్రాంతికి గుమ్మడికాయలు, కోరమీసాలు సమర్పించే రైతులను కూడా చూపించవచ్చు. మేడారం సంగతి వేరు. అక్కడ గోపురం లేదు, విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో కోయ పూజారులు గద్దె మీదికి తెస్తారు, జనం బెల్లాన్ని బంగారమని పిలిచి సమర్పిస్తారు. అది కోయల ఆచారం, దాన్ని మన గుడుల లెక్కలో కలుపుకోవడం కన్నా వాళ్ల దగ్గర అతిథులుగా నిలబడి మొక్కడం మర్యాద అని నా అభిప్రాయం.

మీ అత్తమ్మతో ఏమీ వాదించకండి. బోనం కుండకు సున్నం, పసుపు రాసేటప్పుడు ఆమెను పక్కన కూర్చోమనండి, వేపాకు కట్టే పని ఆమెకు ఇవ్వండి.

ప్రశ్న: మా ఊరి గుడిలో కొన్ని కుటుంబాలవారిని ఇప్పటికీ ముఖమండపం దాటి రానివ్వరు. చందా మాత్రం అందరి దగ్గరా తీసుకుంటారు. పెద్దలు ఇది ఆచారం అంటున్నారు. ఏమి చేయగలం?
— పేరు, ఊరు రాయవద్దని కోరిన ఒక పాఠకుడు

జవాబు: ఇది ఆచారం కాదు, నేరం. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చి, 1976 నుంచి పౌరహక్కుల రక్షణ చట్టం అనే పేరుతో అమలులో ఉన్న చట్టం, అందరూ పూజించుకునే గుడిలోకి అంటరానితనం పేరుతో ఒకరిని రానివ్వకపోతే శిక్ష విధిస్తుంది. పెద్దలకు ముందు ఈ మాట మర్యాదగా, నలుగురి ఎదుట చెప్పండి. వినకపోతే తహసీల్దారుకు, పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అప్పుడు సంకోచించవలసిన పని లేదు.

శాస్త్రం పేరు ఎత్తేవారికి వైష్ణవ భక్తకవి తిరుప్పాణాళ్వారు కథ గుర్తు చేయండి. గుడిలోకి అడుగుపెట్టలేక కావేరి ఒడ్డున నిలబడి పాడుకున్న ఆ భక్తుణ్ణి, శ్రీరంగనాథుడి ఆజ్ఞ మీద లోకసారంగముని అనే అర్చకుడు స్వయంగా తన భుజాల మీద ఎత్తుకుని సన్నిధికి తీసుకువెళ్లాడు. అందుకే ఆయనకు మునివాహనుడని పేరు వచ్చింది. 2018లో హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి గుడిలో ఒక అర్చకుడు దళిత భక్తుణ్ణి భుజాన మోసుకుని లోపలికి వెళ్లి ఆ సేవను మళ్లీ చేసి చూపించారు. మా ఊరి భజనలో పల్లవి ఎత్తుకున్న చాకలి పెద్దమనిషి గురించి పైన రాశాను. ఆయన కూర్చున్న చోటు గర్భగుడి గడపకు ఎదురుగానే ఉండేది. కానీ మా మాదిగవాడ నుంచి వచ్చి డప్పు కొట్టినవాళ్లు ధ్వజస్తంభం అవతలే నిలబడేవాళ్లు. నాకు ఊహ తెలిశాక కూడా చాలా కాలం అది నాకు తప్పుగా తోచలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది. డప్పు లేనిదే కదలని రథం డప్పు కొట్టే మనిషిని లోపలికి రానివ్వదంటే, ఆ ఊరు దేవుడి ముందు సగమే నిలబడిందన్నమాట.

ప్రశ్న: నాకు డెబ్బై ఆరేళ్లు. పిల్లలు దూరదేశంలో ఉన్నారు. పాత తత్వాలు, భజన పాటలు, మంగళహారతులు కలిపి అరవై దాకా నాకు నోటికి వచ్చు. మా తాత దగ్గర నేర్చుకున్నవి. కళ్లు సరిగా కనబడవు కనుక రాయలేను. మా గుడిలో ఇప్పుడు ఎవరూ పాడమని అడగరు. ఇవి నాతోనే పోతాయా అని దిగులుగా ఉంటుంది.
— జమ్మికుంట నుంచి ఒక పెద్దాయన

జవాబు: అయ్యా, మీకు నా నమస్కారాలు. మీ వాడలో తొమ్మిదో పదో తరగతి చదివే పిల్లను ఎవరినైనా వారానికి రెండు సాయంత్రాలు పిలిపించుకోండి. మీరు పాడండి, ఆమె రాస్తుంది. పల్లవి, చరణాలు వేరువేరుగా, పెద్ద అక్షరాలతో, ఒక్కో పాటకు ఒక్కో పేజీ కేటాయించమనండి. పాట పైన ఏ తాళమో, ఏ వేళ పాడేదో ఒక ముక్క రాయించండి. మేలుకొలుపు పవళింపు వేళ పాడితే అందం ఉండదు కదా. రాసిన తర్వాత అదే పాటను ఫోనులో ఒకసారి రికార్డు చేయించండి, ఎందుకంటే పాతకాలపు వరుసలను అక్షరాల్లో పట్టుకోలేము. మాట మరిచిపోయిన చోట ఆగి ఆలోచించండి, కానీ కొత్త మాట వేసి పూరించకండి, ఖాళీగా వదిలేయమనండి. మీ ఈడువారెవరికో ఆ చరణం గుర్తు ఉండవచ్చు.

ఆ పిల్లకు డబ్బు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, లేదా పాట నేర్పండి. రెండోది ఆమెకు ఎక్కువ కాలం ఉపయోగపడుతుందని నేను అనుకుంటున్నాను.

గుడిలో అడగడం లేదని బాధపడవద్దు. మీరు అడగండి. వచ్చే ఏకాదశి నాడు హారతి తర్వాత పూజారిగారితో చెప్పి, ఒక్క మంగళహారతి పాడి కూర్చోండి. మొదటిసారి ఎవరూ వంత పాడకపోవచ్చు. మరుసటి ఏకాదశికి అదే పాట పాడండి, మూడోసారీ అదే. కొత్త కొత్త పాటలు పాడితే మీ విద్వత్తు తెలుస్తుంది గానీ వినేవారికి నోరు కలపడానికి వీలుండదు.

నోటుబుక్కు నిండిన తర్వాత దానికి రెండు ప్రతులు తీయించండి. ఒకటి మీ గుడిలో దేవుడి పటాల పక్కన పెట్టండి. రెండోది పత్రిక కార్యాలయానికి నా పేరు మీద పంపండి. ఈ నెల మొదటి ఉత్తరం రాసిన పరకాల వైపు పాఠకుడి చిరునామా నా దగ్గర ఉన్నది. శనివారం రాత్రి ఆ కొత్త గుడిలో జంపఖానా పరిచి కూర్చునే నలుగురికి పాటలు కావాలి.